కమ్యూనికేషన్ విద్యలో ప్రాజెక్టు నిర్వహణ బోధన

జర్నలిజం, పౌర సంబంధాలు, ప్రకటనలు, రేడియో, చలనచిత్రం, డిజిటల్ మాధ్యమాలు చదివే విశ్వవిద్యాలయ విద్యార్థులకు, చేపట్టిన పనిని ఒప్పుకున్న గడువులో, ఉన్న డబ్బుతో, అనుకున్న నాణ్యతతో పూర్తిచేసే పద్ధతిని నేర్పడాన్ని కమ్యూనికేషన్ విద్యలో ప్రాజెక్టు నిర్వహణ బోధన అంటారు. ఈ విద్యార్థులు మొదటి సెమిస్టర్ నుంచే ల్యాబ్ జర్నల్, లఘుచిత్రం, ప్రచార ఉద్యమం, రేడియో కార్యక్రమం వంటివి బృందాలుగా చేస్తుంటారు. రాయడం, చిత్రీకరించడం, ఎడిట్ చేయడం వాళ్లకు పాఠాలుగా అందుతాయి. పనిని విడగొట్టడం, వ్యవధి అంచనా వేయడం, బాధ్యతలు పంచుకోవడం మాత్రం చాలాచోట్ల ఎవరికి వారే కిందా మీదా పడి నేర్చుకోవలసి వస్తోంది. ఆ లోటు తీర్చడమే ఈ బోధన ఉద్దేశం.

## నిర్వచనం, పరిధి

ప్రాజెక్టు అంటే మొదలూ చివరా ఉన్న పని, అచ్చంగా అదే రూపంలో మునుపు చేయని పని. దినపత్రిక రోజూ వెలువడటం నిత్యకృత్యం. అదే పత్రిక ఎన్నికలకు ప్రత్యేక సంచిక తేవడం ప్రాజెక్టు. రేడియోలో రోజువారీ వార్తలు చదవడం నిత్యకృత్యం. టీకాల మీద నెల రోజుల ప్రచారం నడపడం ప్రాజెక్టు. ఈ తేడా తెలియడం మొదటి పాఠం.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలోని రెండు పనులూ ప్రాజెక్టులే. తెలుగు తరగతి గదిలో పెళ్లి కంటే చేరువైన ఉదాహరణ దొరకదు. ముహూర్తమే గడువు, అది ఎవరి కోసమూ ఆగదు. శుభలేఖలు అచ్చుకు వెళ్లాలంటే కల్యాణ మండపం ఖాయం కావాలి. మండపం ఖాయం కావాలంటే ముహూర్తం పెట్టించాలి. వంటవాళ్లకు బియ్యం లెక్క చెప్పాలంటే పిలుపుల జాబితా తేలాలి. ఏ పని దేని మీద ఆధారపడి ఉందో ఇంట్లో పెద్దవాళ్లు కాగితం చూడకుండానే చెబుతారు. ఆ ఇంగితానికి పేరు, కొలత, రాతరూపం ఇచ్చేదే ప్రాజెక్టు నిర్వహణ శాస్త్రం.

## చారిత్రక నేపథ్యం

పనులను కాలపట్టిక మీద గీతలుగా చూపే ప్రయత్నం పోలెండ్ ఇంజినీరు కరోల్ ఆడమియెట్‌స్కీ 1896లో చేశాడు. 1910లలో అమెరికా ఇంజినీరు హెన్రీ గాంట్ రూపొందించిన పట్టిక ఆయన పేరుతోనే గాంట్ చార్టుగా స్థిరపడింది. రసాయన సంస్థ డ్యూపాంట్, కంప్యూటర్ సంస్థ రెమింగ్టన్ రాండ్ నిపుణులు 1957 ప్రాంతంలో, మొత్తం గడువును నిర్ణయించే పనుల వరుసను గుర్తించే కీలక మార్గ పద్ధతిని రూపొందించారు. అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం 1958లో, పనుల వ్యవధిని అంచనా వేసే ‘పెర్ట్’ పద్ధతిని తెచ్చింది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) 1969లో అమెరికాలో ఏర్పడి, 1996లో ఈ రంగపు విజ్ఞానాన్ని ‘పీఎంబాక్’ పేరుతో గ్రంథంగా ప్రచురించింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు ‘ఎజైల్’ ప్రకటన వెలువరించారు. పనిని చిన్న విడతలుగా చేసి, విడత విడతకూ వాడేవారి అభిప్రాయం తీసుకుంటూ దిద్దుకోవడం దాని సారం.

విద్యారంగంలో మరో పాయ ఉంది. తత్వవేత్త జాన్ డ్యూయీ ఆలోచనలతో ప్రభావితుడైన విద్యావేత్త విలియం కిల్‌పాట్రిక్ 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ అనే వ్యాసం ప్రచురించాడు. విద్యార్థి మనసు పెట్టి చేసే పనే అసలైన చదువన్నది అందులోని వాదం. కమ్యూనికేషన్ తరగతిలో ఈ రెండు పాయలూ కలుస్తాయి. ఒకటి పని ద్వారా చదువును, మరొకటి పని చేసే తీరును నేర్పుతుంది.

## కమ్యూనికేషన్ రంగంతో బంధం

పౌర సంబంధాల బోధనలో ఏనాటి నుంచో ఉన్న నాలుగు మెట్ల సూత్రాన్ని జాన్ మార్‌స్టన్ 1963లో ప్రతిపాదించాడు. పరిశోధన, కార్యాచరణ, సమాచార ప్రసారం, మూల్యాంకనం అన్నవి ఆ మెట్లు. చూడబోతే ఇది ఒక ప్రాజెక్టు జీవిత చక్రమే. ప్రచార ఫలితాలను కొలిచే తీరుపై 2010లో వెలువడిన బార్సిలోనా సూత్రాలు, పత్రికలో వచ్చిన వార్తను ప్రకటన రేటుతో లెక్కగట్టి అదే ప్రచార ఫలితమని చెప్పుకోవడాన్ని తోసిపుచ్చాయి. ముందే లక్ష్యం రాసుకుని, దాన్ని కొలవాలన్నాయి. లక్ష్యం రాసుకోవడం ప్రాజెక్టు నిర్వహణలో తొలి పని.

బంధం రెండోవైపు నుంచీ ఉంది. పీఎంబాక్ గ్రంథం 2017 నాటి ఆరో ముద్రణలో పేర్కొన్న పది విజ్ఞాన క్షేత్రాల్లో ‘సమాచార నిర్వహణ’ ఒకటి. పీఎంఐ 2013 నాటి నివేదిక ప్రకారం ప్రాజెక్టుల మీద పెట్టే ప్రతి 100 కోట్ల డాలర్లలో 13.5 కోట్లు ముప్పులో పడుతుండగా, అందులో సగానికి పైగా, అంటే 7.5 కోట్ల డాలర్లు, సమాచార లోపం వల్లే. ఇంజినీర్లు కష్టపడి అలవరచుకునే నైపుణ్యం కమ్యూనికేషన్ విద్యార్థికి సొంత విద్య. దానికి కాల, వ్యయ క్రమశిక్షణ తోడైతే అతను ఏ రంగంలోనైనా బృందాన్ని నడపగలడు.

## భారతీయ ఉదాహరణలు

భారతదేశంలో కమ్యూనికేషన్ ప్రాజెక్టు అనగానే చెప్పుకోవలసింది ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, అంటే ‘సైట్’. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భారత్ వాడుకోవడానికి ఒక్క ఏడాది పాటు ఇచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, బడి చదువుల కార్యక్రమాలు అందాయి. వాటిలో తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఉపగ్రహం చేజారే తేదీ ముందే తెలుసు కాబట్టి ఇది ముహూర్తం లాంటి గడువు. గ్రామాల ఎంపిక, టీవీ సెట్ల ఏర్పాటు, మరమ్మతులు, కార్యక్రమాల నిర్మాణం, ప్రభావ అధ్యయనం అన్నీ ఆ తేదీల చుట్టూ అమరాలి. ఇస్రో, ఆకాశవాణి వంటి వేర్వేరు సంస్థలు ఒకే కాలపట్టికకు కట్టుబడవలసి వచ్చింది. ప్రసారాలకు ముందు, నడుస్తుండగా, ముగిశాక గ్రామాల్లో సర్వేలు జరిగాయి. మూల్యాంకనాన్ని చివర్లో అతికించకుండా మొదట్లోనే ప్రణాళికలో చేర్చడానికి ఇది చక్కని నమూనా.

రెండో ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో ఉన్న సంఘం రేడియో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళలు నడిపే ఈ కేంద్రానికి 1990ల చివర్లోనే యునెస్కో తోడ్పాటుతో స్టూడియో సమకూరింది. మహిళలు రికార్డింగ్ నేర్చుకున్నారు, కార్యక్రమాలు తయారుచేశారు. కానీ స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో నడిపే వీలు 2006 నాటి విధానంతో గానీ కలగలేదు. ప్రసారాలు 2008 అక్టోబరు 15న మొదలయ్యాయి. మనుషులూ యంత్రాలూ సిద్ధంగా ఉన్నా, పనిని నిలిపి ఉంచింది అనుమతి. ఈ కథ విన్న విద్యార్థికి కీలక మార్గం అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు.

తెలుగు నేలపై జర్నలిజం విద్యకు దీర్ఘ చరిత్ర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం 1954లో ఏర్పడింది. 2020 జాతీయ విద్యావిధానం అనుభవపూర్వక అభ్యాసానికి పెద్దపీట వేసింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 2020-21 నుంచి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాయి. ప్రాజెక్టు చేయమని చెప్పడం పెరిగింది కాబట్టి, ఎలా చేయాలో చెప్పడమూ అంతే పెరగాలి.

## బోధించవలసిన మౌలికాంశాలు

లక్ష్యం, పరిధి: ఏం చేస్తాం, ఎవరి కోసం, ఎప్పటికి, ఏం చేయం అన్న నాలుగింటినీ ఒక్క పేజీలో రాయాలి. నాలుగోది రాయడం కష్టం. మొదట పది నిమిషాల చిత్రం అనుకున్నది పాట, వెబ్‌సైట్, పుస్తకం దాకా పాకడానికి కారణం ఆ నాలుగో వాక్యం లేకపోవడమే.

పని విభజన: పెద్ద పనిని ఒక్కరు కొన్ని రోజుల్లో ముగించగల ముక్కలుగా విడగొట్టాలి. ‘షూటింగ్’ అని రాస్తే చాలదు. లొకేషన్ చూసి రావడం, బ్యాటరీలు ఛార్జి చేయడం, రాత్రికి రాత్రే ఫుటేజీని రెండు డిస్కుల్లోకి ఎక్కించడం కూడా పనులే.

వ్యవధి అంచనా: పని ఎంతలో అవుతుందో తక్కువగా ఊహించుకోవడం మనిషి స్వభావమని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పారు. పెర్ట్ పద్ధతి దీనికి చిన్న విరుగుడు చెబుతుంది. అన్నీ కలిసొస్తే పట్టే రోజులకు, మామూలుగా పట్టే రోజుల నాలుగింతలను, ఏదీ కలిసిరాకపోతే పట్టే రోజులను కలిపి ఆరుతో భాగించాలి.

బాధ్యతలు: ‘అందరూ అందలమెక్కితే మోసేవారెవరు’ అన్నట్టు, విద్యార్థి బృందంలో అందరికీ దర్శకత్వమే కావాలి. అందుకే ప్రతి పనికీ చేసేవారెవరు, జవాబు చెప్పేవారెవరు, ఎవరిని సలహా అడగాలి, ఎవరికి తెలియజేయాలి అన్న నాలుగు గడుల పట్టిక గీయిస్తారు. జవాబు చెప్పే గడిలో ఒక్క పేరే ఉండాలి.

సమాచార ప్రణాళిక: బృందంలో ఐదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య జరిగే సంభాషణల దారులు 10, పదిమంది ఉంటే 45. మనుషులు రెట్టింపైతే దారులు నాలుగున్నర రెట్లయ్యాయి. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవారిని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో చెప్పడం వెనుక ఉన్న కారణాల్లో ఇది ఒకటి.

ముప్పుల పట్టిక: వాన, పరీక్షల తేదీలు, కెమెరా చెడిపోవడం, మాట్లాడతానన్న వ్యక్తి మనసు మార్చుకోవడం వంటివి ముందే రాసి, ప్రతిదానికీ ప్రత్యామ్నాయం ఆలోచించాలి.

## దగ్గరగా ఒక ఉదాహరణ: పోచంపల్లి డాక్యుమెంటరీ

హైదరాబాద్‌లో చదివే ఐదుగురు విద్యార్థులు భూదాన్ పోచంపల్లి ఇక్కత్ నేత మీద 12 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలనుకున్నారని తరగతిలో ఊహించుకుందాం. విషయ పరిశోధనకు 5 రోజులు. ఆ తర్వాత రెండు పాయలు. ఒకవైపు నేత కుటుంబాలు, సహకార సంఘం నుంచి అనుమతులకు 7 రోజులు. మరోవైపు స్క్రిప్టుకు 4, అది అయ్యాక కెమెరా, మైకుల బుకింగుకు 2 రోజులు. రెండు పాయలూ కలిస్తేనే షూటింగ్, దానికి 3 రోజులు. ఇంటర్వ్యూలను కాగితం మీద పెట్టడానికి 2, ఎడిటింగ్‌కు 6, శబ్దం, ఉపశీర్షికలకు 3, ప్రివ్యూ చూసి సవరించడానికి 2. స్క్రిప్టు పూర్తయ్యాక ఎప్పుడైనా చేయగల పోస్టరుకు 3 రోజులు.

ఇప్పుడు కూడి చూడాలి. స్క్రిప్టు, పరికరాల దారిలో మొత్తం 27 రోజులు. అనుమతుల దారిలో 28 రోజులు. ఎక్కువ రోజులు పట్టే దారే కీలక మార్గం కాబట్టి ఈ చిత్రం 28 రోజులకు ముందు పూర్తికాదు. అనుమతి ఒక్కరోజు జాప్యమైతే చిత్రమే ఒక్కరోజు జాప్యమవుతుంది. స్క్రిప్టు దారికి ఒక్కరోజు వెసులుబాటుంది. పోస్టరు 12వ రోజుకే పూర్తికాగలదు కాబట్టి దానికి 16 రోజుల వెసులుబాటు.

ఈ లెక్క బోర్డు మీద తేలేసరికి, పనిని ఎక్కడ మొదలుపెట్టాలో విద్యార్థికి తేటతెల్లమవుతుంది. బృందం ఉత్సాహంగా కూర్చునేది పోస్టరు దగ్గర, అందరూ వాయిదా వేసేది అనుమతి లేఖ దగ్గర. వెసులుబాటు ఉన్న పనికి తొందర, లేని పనికి తాత్సారం. చిత్రం ఆగిపోయేది కెమెరా లేక కాదు, లేఖ వెళ్లక.

ఎడిటింగ్ అంచనానూ పరీక్షించవచ్చు. అన్నీ కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 6, కంప్యూటర్ మొరాయిస్తే 14. పెర్ట్ సూత్రంలో 4కు 24, 14 కలిపితే 42, ఆరుతో భాగిస్తే 7. అంటే 28 రోజుల ప్రణాళికను 29గా రాయడమే నిజాయితీ.

ఈ ఉదాహరణలో మరో పాఠముంది. మగ్గం మీద కూర్చున్న మనిషి ప్రణాళికలో ఒక ‘వనరు’ కాడు. మనం అడిగే రెండు గంటలు అతని రోజు సంపాదనలో భాగం. ఏ వేళ వస్తే పనికి అడ్డు కాదో అడిగి తెలుసుకుని, షూటింగ్ పట్టికను అతని వీలుకు అమర్చుకోవాలి. పూర్తయిన చిత్రాన్ని ఊళ్లో చూపించడాన్ని కూడా ఒక పనిగా పట్టికలో రాసుకోవాలి.

## బోధన పద్ధతులు

ఈ విషయాన్ని ఉపన్యాసంగా చెబితే రెండో వారానికే నీరసిస్తుంది. విద్యార్థులు ఎలాగూ చేస్తున్న ల్యాబ్ జర్నల్‌కో, ప్రచార ఉద్యమానికో ముడిపెట్టి నేర్పడం మేలు. పదిహేను వారాల సెమిస్టర్‌లో మొదటి మూడు వారాలు లక్ష్యం, పరిధి, పని విభజనకు, తర్వాతి రెండు వారాలు కాలపట్టిక, బడ్జెట్, ముప్పులకు, ఆపై ఎనిమిది వారాలు అమలుకు, చివరి రెండు వారాలు ప్రదర్శనకు, సమీక్షకు కేటాయించవచ్చు.

తరగతిలో బాగా పండే అభ్యాసాలు కొన్ని ఉన్నాయి. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన ‘ముందస్తు శవపరీక్ష’ వాటిలో ఒకటి. పని మొదలుకాకముందే, అది ఘోరంగా విఫలమైందని ఊహించుకుని ప్రతి ఒక్కరూ కారణాలు రాస్తారు. మామూలు సమావేశంలో నోరు విప్పని విద్యార్థి కూడా కాగితం మీద నిజం రాస్తాడు. రెండోది గోడ మీద ‘చేయాల్సినవి, చేస్తున్నవి, చేసినవి’ అన్న మూడు వరుసల్లో చీటీలు అతికించడం. జపాన్‌లోని టయోటా కర్మాగారాల్లో పుట్టిన కాన్‌బాన్ పద్ధతికి ఇది సులువైన రూపం. మూడోది నిలబడి జరుపుకొనే పది నిమిషాల సమావేశం. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను అన్న మూడు మాటలకే అందులో చోటు.

పనిముట్ల విషయానికొస్తే స్ప్రెడ్‌షీట్ చాలు. ట్రెల్లో, ఆసనా వంటివి తర్వాత సులువుగా వస్తాయి. నిజానికి విద్యార్థుల ప్రాజెక్టులు నడిచేది వాట్సాప్ గ్రూపుల్లో. శుభోదయాల మధ్య, ఫార్వర్డుల మధ్య తీసుకున్న నిర్ణయం సాయంత్రానికి కనబడదు. కాబట్టి ఎప్పుడు, ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు అన్నది విడిగా ఒక పట్టికలో రాసే అలవాటు మొదటి వారం నుంచే చేయించాలి.

## మూల్యాంకనం

చిత్రం బాగుంటే మార్కులు, లేకుంటే లేవు అన్న పద్ధతిలో ప్రణాళికకు విలువ ఉండదు. చివరి మూడు రాత్రులు మేలుకుని గట్టెక్కిన బృందానికీ, క్రమంగా పనిచేసిన బృందానికీ అక్కడ తేడా తెలియదు. కాబట్టి మార్కుల్లో గణనీయమైన వాటా ప్రక్రియకు ఇవ్వాలి. ఆ మార్కులు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అంచనా, వాస్తవం సరిపోలినందుకు మార్కులు ఇస్తే, విద్యార్థులు పని అయ్యాక వెనక్కి వెళ్లి పట్టికను దిద్దుతారు. తేడాను దాచకుండా నమోదు చేసి, ఎందుకొచ్చిందో వివరించినందుకు మార్కులు ఇస్తే నిజం రాస్తారు.

బృంద పనిలో ఇద్దరు కష్టపడి ఐదుగురు మార్కులు పంచుకోవడం పాత ఫిర్యాదు. సహచరుల గోప్య మూల్యాంకనం, వారం వారం పని నమోదు, ఒక్కొక్కరికీ విడిగా వైవా దీనికి కొంతవరకు మందు. మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పినట్టు బృందాలు ఏర్పడటం, తగాదాపడటం, సర్దుకోవడం, పనిలో పడటం అనే దశలు దాటుతాయి. రెండో దశలో గొడవపడటం తప్పు కాదని ముందే చెబితే, సగంలో విడిపోయే బృందాలు తగ్గుతాయి.

## సమస్యలు, విమర్శలు

సృజనకు పట్టికలు సంకెళ్లని కొందరి అభ్యంతరం. అప్పటికప్పుడు విరుచుకుపడే వార్తకు 28 రోజుల ప్రణాళిక పనికిరాదన్నదీ నిజమే. ఇంజినీరింగ్ రంగంలో పుట్టిన పద్ధతిని యథాతథంగా తెచ్చి పరిశోధనాత్మక కథనం మీద రుద్దకూడదు. కథ మలుపు తిరిగే కొద్దీ ప్రణాళిక మారడానికి వీలుండాలి. అక్కడ ఎజైల్ తరహా చిన్న విడతలు నప్పుతాయి. అయితే వరదలు, తుపానుల వార్తలు తేవడంలో తడబడని న్యూస్‌రూమ్‌లు, ఎవరు ఎక్కడికి వెళ్లాలో, డెస్కులో ఎవరు ఉండాలో ముందే అనుకున్నవేనని మరవకూడదు.

పరిభాష మరో అడ్డంకి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ముందు ఆంగ్ల సంక్షిప్త నామాలు కుమ్మరిస్తే, తెలిసిన విషయమే తెలియనిదిగా కనిపిస్తుంది. ముందు పెళ్లి పనులతో, ఊరి జాతరతో భావం చెప్పి, ఆ తర్వాత ఉద్యోగంలో వినబడే ఆంగ్ల పదాన్ని పరిచయం చేయడం సరైన వరుస. ప్రాజెక్టు నిర్వహణ సర్టిఫికెట్ పరీక్షకు తయారుచేయడం కూడా ఈ కోర్సు గమ్యం కాదు. ఆ దారి ఎంచుకునే వారికి ఇది పునాది అవుతుంది.

## ప్రాముఖ్యం

తెలుగులో ‘మాట’ అన్న పదానికి పలుకు అనే అర్థమూ ఉంది, వాగ్దానమనే అర్థమూ ఉంది. కమ్యూనికేషన్ విద్య మొదటి అర్థాన్ని శ్రద్ధగా నేర్పుతుంది. ప్రాజెక్టు నిర్వహణ రెండోదాన్ని నేర్పుతుంది. ఫలానా రోజుకు ఫలానా పని నేను చేస్తానని సహచరులకు రాసిచ్చిన మాటే గాంట్ చార్టులోని ఒక్కో గీత. చిత్రాన్ని ఊళ్లో చూపిస్తామని నేత కుటుంబానికి చెప్పిందీ మాటే. కమ్యూనికేషన్ పట్టా చేతికి తీసుకునే ప్రతి విద్యార్థికీ మాట చెప్పడంతోపాటు మాట నిలబెట్టుకునే పద్ధతి కూడా పాఠంగా అందాలి. దానికి కొత్త విభాగం అక్కర్లేదు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వచ్చే సెమిస్టర్ ల్యాబ్ జర్నల్ మొదటి సమావేశంలో అధ్యాపకుడు ఒక తెల్ల కాగితం ముందు పెట్టి, ‘ఎవరు, ఏం, ఎప్పటికి’ అని మూడు గడులు గీయిస్తే చాలు.